పాఠకుల ప్రశ్నలు: ఇంజన్ ఆయిల్ ఎర్రగీత దాకా ఎందుకు కాగుతోంది?

ప్రశ్న: అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, డల్లాస్‌కు దగ్గరలో ఉంటున్నాను. మా ఇంటి గరాజులో విడిభాగాల కిట్‌తో ఆరేళ్లపాటు కూర్చిన ఆర్.వి.-7 విమానం ఈ ఏడాది మార్చిలో తొలిసారి ఎగిరింది. ఇంజన్ 180 అశ్వశక్తి గల లైకమింగ్ ఓ-360, సిలిండర్లు కొత్తవి. 40 గంటల పరీక్షా కాలంలో 31 గంటలు పూర్తి చేశాను. ఏప్రిల్‌లో, నేల మీద గాలి 65 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న రోజుల్లో, సమతలంగా ఎగురుతున్నప్పుడు ఆయిల్ 195 దగ్గర నిలిచేది. జూలైలో గాలి 98కి చేరాక అదే ఎత్తులో, అదే వేగంలో 222 చూపుతోంది. పైకి ఎక్కుతున్నప్పుడైతే 235 దాటి, 245 దగ్గరున్న ఎర్రగీత (దాటకూడని హద్దు) వైపు పోతోంది. సిలిండర్ హెడ్‌ల ఉష్ణోగ్రత మాత్రం 390 దాటడం లేదు. ఆయిల్ కూలర్‌ను నాలుగో సిలిండర్ వెనుక బాఫిల్‌కు (గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే రేకు గోడకు) బిగించాను. తోటి బిల్డర్లందరూ పెద్ద కూలర్ కొనమంటున్నారు. కొనేయమంటారా?

జవాబు: ఇప్పుడే కొనవద్దు. మీ ఉత్తరం చదువుతుంటే నా చూపు జూలై నాటి 235 కన్నా ముందుగా ఏప్రిల్ నాటి 195 మీద ఆగింది. కారణం చెప్పాలంటే ఆయిల్ ఏ దారిన పోతుందో కొంత వివరించవలసి ఉంటుంది.

లైకమింగ్ ఇంజన్‌లో ఆయిల్ ఫిల్టర్ దగ్గర వెర్నాథెర్మ్ అనే చిన్న కవాటం ఉంటుంది. ఆయిల్ చల్లగా ఉన్నంతసేపు అది ఒక అడ్డదారిని తెరిచి ఉంచి, ఆయిల్‌లో ఎక్కువ భాగాన్ని కూలర్‌కు పంపకుండానే ఇంజన్‌లోకి మళ్లిస్తుంది. వేడెక్కుతున్న కొద్దీ దాని లోపలి మైనం వంటి పదార్థం వ్యాకోచించి కాడను ముందుకు తోస్తుంది. సుమారు 185 డిగ్రీల దగ్గర, అంటే 85 సెల్సియస్ దగ్గర, కాడ చివర తన పీఠం మీద కూర్చొని అడ్డదారిని మూసేస్తుంది. అక్కడి నుంచి ఆయిల్ అంతా కూలర్ గుండానే పోవాలి. చల్లబరిచే శక్తి మిగులుగా ఉన్న విమానంలో ఆయిల్ ఈ 185 పరిసరాలలోనే నిలుస్తుంది, ఎండ కొంత పెరిగినా కవాటం సర్దుకుపోతుంది. మీ విమానంలో చల్లని ఏప్రిల్‌లోనే 195 ఉన్నదంటే, కవాటం ఆనాటికే పూర్తిగా మూసుకుని తన చేతిలో ఉన్నదంతా ఖర్చు చేసి ఉండాలి, లేదా మూసుకోవలసినంత గట్టిగా మూసుకోక అడ్డదారిన కొంత ఆయిల్ జారిపోతూ ఉండాలి. మిగులు లేనప్పుడు బయటి గాలి ఎన్ని డిగ్రీలు పెరిగితే ఆయిల్ కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. మీ లెక్కలో గాలి 33 డిగ్రీలు, ఆయిల్ 27 డిగ్రీలు పెరిగాయి. కనుక జూలైలో కొత్తగా ఏదో పాడైందని వెతకడం కన్నా, మొదటి రోజు నుంచీ ఉన్న లోపమేమిటో వెతకడం మేలు.

సిలిండర్ హెడ్‌లు 390 దగ్గరే ఉండడం కూడా మంచి ఆధారమే. మాగ్నెటో (నిప్పురవ్వ పుట్టించే పరికరం) టైమింగ్ ముందుకు జరిగినా, కార్బురేటర్ ఇంధనం తక్కువగా ఇస్తున్నా, కౌలింగ్‌లోకి (ఇంజన్‌ను కప్పే తొడుగులోకి) మొత్తం మీద గాలి చాలకపోయినా ముందుగా హెడ్‌లు కాగుతాయి. హెడ్‌లు నిమ్మళంగా ఉండి ఆయిల్ ఒక్కటే కాగుతున్నదంటే వెతకవలసిన చోటు చాలా కుదించుకుపోతుంది: కొలత, కవాటం, కూలర్, కూలర్ గుండా వెళ్లే గాలి. వీటికి తోడు ఇంజన్ లోపల పుట్టే అదనపు వేడి అనే అంశం ఒకటి ఉంది, దాని గురించి కింద చెబుతాను.

ముందు కొలతను అనుమానించండి. ఆయిల్ వేడిని పసిగట్టే ప్రోబ్‌ను ఇంజన్ నుంచి విప్పి, తీగ తగిలించే ఉంచి, గిన్నెలో మరుగుతున్న నీటిలో ముంచి గేజ్ చూడండి. ప్రోబ్ గిన్నె అడుగుకు తగలకూడదు. మీ ప్రాంతం సముద్రమట్టానికి కొన్ని వందల అడుగుల ఎత్తు మాత్రమే కనుక నీరు దాదాపు 211 డిగ్రీల దగ్గర మరుగుతుంది. గేజ్ 220 చూపితే మీ సమస్యలో మూడోవంతు వంటింట్లోనే తేలిపోయినట్టు. ప్రోబ్ ఒంటి తీగ రకమైతే దాని రెండో తీగ ఇంజన్ లోహమే కనుక, నీటిలో పెట్టినప్పుడు దాని ఒంటిని ఇంజన్‌కు ఒక తీగతో కలపడం మరవవద్దు. ఈ రకం ప్రోబ్‌లతో మరో చిక్కు ఉంది: ఇంజన్‌కూ, దాని వెనుక పైలట్ గదిని వేరుచేసే ఫైర్‌వాల్ గోడకూ మధ్య గ్రౌండ్ పట్టీ సరిగా లేకపోతే అంకె తప్పుగా వస్తుంది. ఎగురుతూ ల్యాండింగ్ లైట్ వేసి చూడండి. దీపం వెలిగిన క్షణంలోనే ఆయిల్ నాలుగు డిగ్రీలు ఎగబాకితే అది నిజమైన వేడి కాదు. ఆయిల్ అంత త్వరగా కాగదు.

గేజ్ నిజమే చెబుతున్నదని తేలాక, నా సలహా పెద్దగా ఖర్చు లేనిది. వేడి తగిలితే శాశ్వతంగా రంగు మారే ఉష్ణోగ్రత పట్టీలు పారిశ్రామిక దుకాణాలలో దొరుకుతాయి. ఒకటి కూలర్‌లోకి ఆయిల్ వెళ్లే ఫిటింగ్ మీద, ఒకటి బయటకు వచ్చే ఫిటింగ్ మీద అంటించండి. ఒక వేడి రోజున మామూలుగా పైకి ఎక్కి, గేజ్ చూపిన గరిష్ఠాన్ని కాగితం మీద రాసుకుని, దిగి పట్టీలు చూడండి. లోహం పైభాగం ఆయిల్ కన్నా కొద్ది డిగ్రీలు తక్కువ చూపుతుందని గుర్తుంచుకుంటే మీ చేతిలో మూడు అంకెలు ఉంటాయి: లోపలికి ఎంత, బయటకు ఎంత, గేజ్‌లో ఎంత. లైకమింగ్‌లో గేజ్ కొలిచేది కూలర్ నుంచి తిరిగి వచ్చి బేరింగులకు పోబోతున్న ఆయిల్‌ను. అడ్డదారిన జారిన ఆయిల్ ఏదైనా ఉంటే అది కూడా అందులో కలిసే ఉంటుంది. ఈ ఒక్క విషయం మీదే మిగతా నిర్ణయమంతా ఆధారపడి ఉంది.

కూలర్ నుంచి వచ్చే ఆయిల్ 190 ఉండి గేజ్ 235 చూపితే, కూలర్ తన పని బాగానే చేస్తున్నది; దానికి అందకుండా పోతున్న ఆయిల్ సంగతి చూడాలి, అంటే వెర్నాథెర్మ్‌ను విప్పాలి. బయటకు వచ్చేదీ గేజ్‌లోదీ ఇంచుమించు ఒక్కటే అయి, లోపలికీ బయటకీ మధ్య తేడా పదీ పన్నెండు డిగ్రీలకు మించకపోతే ఆయిల్ బాగా పారుతున్నది, గాలి చాలడం లేదు. తేడా ముప్పై డిగ్రీలకు తగ్గకుండా ఉండి, గేజ్ కూడా బయటి అంకెతో సరిపోయి, అయినా 235 వస్తున్నదంటే అప్పుడు కూలర్ చిన్నదనో, ఇంజన్ మామూలును మించిన వేడిని ఆయిల్‌లోకి పంపుతున్నదనో అనుకోవచ్చు. పెద్ద కూలర్ మాట ఎత్తవలసింది ఈ మూడో సందర్భంలో మాత్రమే. మొదటి సందర్భంలో పెద్ద కూలర్ బిగిస్తే బరువూ ఖర్చూ తప్ప మిగిలేదేమీ ఉండదు. రెండో దానిలో కొంత ఉపశమనం దొరికినా, గాలి రాని చోట పెట్టిన పెద్ద కూలర్ గాలి రాని పెద్ద కూలర్‌గానే ఉంటుంది.

వెర్నాథెర్మ్‌ను పరీక్షించడం కష్టమేమీ కాదు. దాన్ని విప్పి, చల్లగా ఉన్నప్పుడు కాడ పొడవును కాలిపర్‌తో కొలవండి. తర్వాత నీటి గిన్నెలో వేలాడదీసి, వంటింటి థర్మామీటర్ పెట్టుకుని నెమ్మదిగా వేడి చేస్తూ, 185 దాటే సరికి కాడ తయారీదారు చెప్పినంత పొడవుకు సాగిందో లేదో చూడండి. అంతకన్నా తరచుగా దాగి ఉండే లోపం పీఠం దగ్గర ఉంటుంది. కవాటపు శంఖాకారపు కొన మీద చుట్టూ సమంగా, సన్నగా మెరిసే వలయం కనిపించాలి. ఒకవైపే మెరిసి మరొకవైపు మసకగా ఉంటే అది వంకరగా కూర్చుంటున్నదని అర్థం. నీలిరంగు పూసి ముద్ర తీస్తే సందేహం తీరుతుంది. కాడను పట్టి ఉంచే నట్ వదులైన పాత కవాటాలు కూడా ఉన్నాయి. చేతితో కదిపి చూసి, ఏ మాత్రం ఊగినా మార్చేయండి. తిరిగి బిగించినప్పుడు కొత్త గాస్కెట్, సేఫ్టీ వైర్ తప్పనిసరి.

మీ విషయంలో మాత్రం నా అనుమానం గాలి మీదే ఎక్కువగా ఉంది. కూలర్‌ను బాఫిల్‌కు బిగించే పద్ధతిలో, బాఫిల్‌లో కోసిన రంధ్రం కూలర్ రెక్కల ముఖం కన్నా చిన్నదైపోవడం చాలామంది చేసే పొరపాటు. అంచు పట్టీ అంగుళంలో నాలుగోవంతు మేర నాలుగు వైపులా రెక్కలను కప్పేస్తే పోయే వైశాల్యం తక్కువేమీ కాదు. దాని వెనుక ఇంజన్ మౌంట్ గొట్టమో, హోస్‌ల కట్టో, ఫైర్‌వాల్ గోడో అతి దగ్గరగా ఉంటే లోపలికి వచ్చిన గాలికి బయటకు పోయే దారి ఉండదు. కౌలింగ్‌ను మూసి, రాత్రి హ్యాంగర్‌లో దీపాలు ఆర్పి, కింది భాగంలో బలమైన లైటు పెట్టి ముందరి గాలి రంధ్రాల నుంచి లోపలికి చూడండి. కూలర్ రెక్కల గుండా, సిలిండర్ రెక్కల గుండా కాకుండా మరెక్కడ వెలుతురు కనిపించినా గాలి అక్కడ దొంగదారిన పోతున్నట్టే. కూలర్ మూలల్లోనూ, బాఫిల్ వెనుక గోడ కౌలింగ్‌ను కలిసే చోటా వెలుతురు కనిపిస్తే ఆశ్చర్యపడను. చిన్న సందులకు ఎర్ర సిలికాన్ సీలెంట్ చాలు. రబ్బరు అంచులు మాత్రం గాలి తోపుకు కౌలింగ్ వైపు అదుముకునేలా, ముందుకు ఒరిగి ఉండాలి. ఒక్కచోట వెనక్కి మడతపడినా అరచేయంత సందు తెరుచుకుంటుంది. కౌలింగ్ మూసే వేళ తొందరలో ఇది కంటికి కనిపించదు.

ఈ సందర్భంలో నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చలికాలంలో ఆయిల్ మరీ చల్లగా ఉండిపోతే అందులోని తేమ ఆవిరి కాక ఇంజన్ లోపల తుప్పు పడుతుందని, కూలర్ ముఖంలో కొంత భాగాన్ని అల్యూమినియం టేపుతో మూయడం మామూలే. అలా మూసిన టేపును వేసవిలో తీయడం మరచిపోయి, వారం రోజులపాటు కవాటాన్నీ గేజ్‌నూ విప్పి బిగించినవాణ్ణి నేనే. మీ విమానం ఇంకా ఒక్క చలికాలం కూడా చూడలేదు కనుక మీకు ఆ ప్రమాదం లేదు; వచ్చే ఏడాదికి గుర్తుంచుకోండి.

గాలి ఎంత వస్తున్నదో ఊహించనక్కరలేదు, కొలవవచ్చు. వాడని ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ (విమాన వేగం చూపే పరికరం) ఒకటి దొరికితే, ఎదురుగాలి పీడనాన్ని అందుకునే దాని పిటో గొట్టాన్ని కూలర్ ముందుభాగానికీ, నిశ్చల గాలి పీడనాన్ని అందుకునే స్టాటిక్ గొట్టాన్ని కూలర్ వెనుకకూ కలిపి ఎగరండి. ఆ పరికరం నిజానికి కొలిచేది రెండు పీడనాల తేడానే. సముద్రమట్టం వద్ద 100 నాట్ల వేగంలో గాలి ఇవ్వగల పీడనం దాదాపు ఆరున్నర అంగుళాల నీటిమట్టానికి సమానం. 150 నాట్లలో అది పద్నాలుగున్నర అంగుళాలు దాటుతుంది. మీరు 100 నాట్లతో పైకి ఎక్కుతున్నప్పుడు కూలర్ మీది పరికరం 80 నాట్లు చూపితే నాలుగు అంగుళాల పైచిలుకు పీడనం కూలర్‌కు దక్కుతున్నట్టు, అది మెచ్చుకోదగినదే. 50 చూపితే ఒకటిన్నర అంగుళం మాత్రమే అందుతున్నది, లోపం దొరికినట్టే. ఎక్కుతున్నప్పుడే ఆయిల్ ఎందుకు కాగుతుందో కూడా ఈ అంకెలే చెబుతాయి: ఇంజన్ నిండు శక్తితో పనిచేసేదీ, గాలి అతి తక్కువగా అందేదీ ఆ సమయంలోనే. లోపం తేలేదాకా ముక్కు కొంచెం దించి 120 నాట్లతో ఎక్కండి, గాలి పీడనం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది.

ఇక ఇంజన్ లోపలి వేడి. కొత్త సిలిండర్లలో పిస్టన్ రింగులు గోడకు అమరేదాకా రాపిడి ఎక్కువ, రింగుల పక్కనుంచి జారే వేడి వాయువులూ ఎక్కువ. అవి నేరుగా ఆయిల్‌ను కాచుతాయి. రింగులు అమరేదాకా, అంటే ఆయిల్ ఖర్చు నిలకడగా తగ్గేదాకా లేదా మొదటి 50 గంటలు, మినరల్ ఆయిల్‌నే వాడమని లైకమింగ్ చెబుతుంది. మీరు 31 గంటల్లో ఎన్ని గంటలకు ఒక క్వార్ట్ (దాదాపు లీటరు) పోస్తున్నారో రాయలేదు. ఆ ఖర్చు ఇంకా తగ్గకపోయినా, మార్చిన కొద్ది గంటలకే ఆయిల్ నల్లబడుతున్నా, ఇంజన్ లోపలి ఆవిరిని బయటకు వదిలే బ్రీదర్ గొట్టం నుంచి విమానం పొట్ట కిందికి ఆయిల్ మరకలు పారుతున్నా కంప్రెషన్ పరీక్ష చేయించండి. హెడ్‌లు 390 దాటడం లేదన్న మీ మాటను బట్టి రింగులు అమరినట్టే కనిపిస్తోంది.

ఎర్రగీత 245 డిగ్రీలు, అంటే 118 సెల్సియస్. గేజ్ చూపేది చల్లబడి వచ్చిన ఆయిల్‌ను కనుక, బేరింగుల మధ్య నలిగి పిస్టన్ల అడుగును తాకి జారే ఆయిల్ అంతకన్నా చాలా వేడిగా ఉంటుంది. అందుకే గేజ్ మీద 180 పరిసరాలలో ఉండడం కోరదగినది, 220 దాటి రోజూ ఎగరడం తగదు. ఉష్ణోగ్రతతో పాటు పీడనాన్ని తప్పక చూడండి: మామూలుగా 55 నుంచి 95 పి.ఎస్.ఐ. మధ్య ఉండాలి, ఐడిల్‌లో (ఇంజన్ అతి నెమ్మదిగా తిరిగేటప్పుడు) 25 కన్నా తగ్గకూడదు. వేడెక్కిన ఆయిల్ పలుచబడి పీడనం కొద్దిగా తగ్గడం సహజం. అయితే వేడి గబగబా పెరుగుతూ పీడనం గబగబా పడిపోతుంటే అది ఈ ఉత్తరంలోని సమస్య కానే కాదు. ఆయిల్ కారిపోతున్నదనుకుని వెంటనే దగ్గరి రన్‌వేకు తిరగండి. మిగిలిన తొమ్మిది గంటలూ ఒంటరిగానే, విమానాశ్రయానికి దగ్గరగానే ఎగరండి. ఒక్కో ఫ్లైట్‌కు ఒక్క మార్పే చేయండి. మూడు ఒకేసారి సరిచేస్తే ఏది పనిచేసిందో మీకు ఎప్పటికీ తెలియదు.

చివరికి పెద్ద కూలర్ తప్పదని తేలి, దాన్ని ఫైర్‌వాల్ మీద పెట్టి గాలిని గొట్టంతో తేదలిస్తే, 3 అంగుళాల గొట్టానికి లొంగిపోవద్దు. 4 అంగుళాల గొట్టపు నోటి వైశాల్యం పన్నెండున్నర చదరపు అంగుళాలు, 3 అంగుళాలది ఏడే. పాత ఇంజన్ నుంచి తీసిన కూలర్ చవకగా వస్తున్నదంటే దాని చరిత్ర తెలియనిదే తీసుకోకండి. లోపల ఇరుక్కున్న లోహపు రజను ఏ కడుగుడుకూ పూర్తిగా పోదు, మీ కొత్త బేరింగులకు చేరుతుంది.

ప్రశ్న: కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఆయిల్ ఎక్కువ పోస్తే అంత వేడిని ఎక్కువ ఆయిల్ పంచుకుంటుంది గదా, ఉష్ణోగ్రత తగ్గదా?

జవాబు: కాగడానికి ఎక్కువ సమయం పడుతుంది, అంతే. చిన్న గిన్నెలో నూనె త్వరగా కాగుతుంది, పెద్ద మూకుడులో ఆలస్యంగా కాగుతుంది; కాని ఇంజన్ గంటసేపు ఒకే శక్తితో తిరిగినప్పుడు, ఆయిల్‌లోకి వచ్చే వేడీ బయటకు పోయే వేడీ సమానమైన చోట ఉష్ణోగ్రత నిలుస్తుంది. ఆ సమీకరణంలో ఆయిల్ పరిమాణం పాత్ర చాలా తక్కువ. ఓ-360 సంప్‌లో (ఆయిల్ నిలిచే అడుగు తొట్టిలో) 8 క్వార్టులు పడతాయి. అయితే నిండా పోసినప్పుడు పైనున్న ఒకటి రెండు క్వార్టులను బ్రీదర్ గుండా పొట్ట మీదికి ఊదిపారేసే ఇంజన్లే ఎక్కువ, అందుకే చాలామంది 6 దగ్గర ఉంచుతారు. మరీ తక్కువైతే మాత్రం మలుపుల్లో పంపు గాలి పీల్చుతుంది, అది వేడిని మించిన ఆపద.

ప్రశ్న: బెంగళూరు సమీపంలో ఒక మైక్రోలైట్ విమానానికి మెయింటెనెన్స్ చూస్తున్నాను. ఇంజన్ రోటాక్స్ 912 యు.ఎల్.ఎస్. రెండు నెలల కిందట ఆయిల్ హోస్‌లన్నీ మార్చాము. అప్పటి వరకు 100 సెల్సియస్ దగ్గర ఉండే ఆయిల్ ఇప్పుడు 122 దాకా పోతోంది. పై జవాబు వంటిదే ఇక్కడా వర్తిస్తుందా?

జవాబు: కొంత మాత్రమే. రోటాక్స్ ఆయిల్ దారి వేరు. లైకమింగ్‌లో పంపు ఆయిల్‌ను కూలర్‌లోకి నెడుతుంది; రోటాక్స్‌లో విడిగా ఉన్న ట్యాంకు నుంచి ఆయిల్ ముందుగా కూలర్ గుండా వచ్చి, తర్వాత పంపుకు చేరుతుంది. అంటే పంపు కూలర్ గుండా ఆయిల్‌ను పీల్చుకుంటుంది. పీల్చే గొట్టంలో చిన్న అడ్డంకి అయినా, సన్నని గాలి జాడ అయినా ప్రవాహాన్ని దెబ్బతీస్తుంది, ఆయిల్ మాత్రం బయటకు కారదు కనుక కంటికి ఏమీ కనిపించదు.

హోస్‌లు మార్చిన వెంటనే సమస్య మొదలైనదంటే అక్కడి నుంచే చూడండి. కొత్త హోస్‌ల లోపలి వ్యాసం కనీసం 11 మిల్లీమీటర్లు ఉండాలి. చుట్టుకొలత బాగానే కనిపించినా లోపల సన్నగా ఉండే హోస్‌లు, మలుపులో నలిగినవి, క్లాంపు అతిగా బిగించడం వల్ల లోపలి పొర ముడుచుకుపోయినవి ఉంటాయి. పంపు ప్రవేశం దగ్గర వ్యాక్యూమ్ గేజ్ పెట్టి నిండు శక్తిలో చూస్తే పీల్పు 0.3 బార్‌ను మించకూడదు. హోస్‌లు మార్చాక తయారీదారు చెప్పిన పద్ధతిలో గాలిని పూర్తిగా తీసివేశారా అన్నది రెండో ప్రశ్న. కూలర్ పై మూలలో నిలిచిన గాలి బుడగ ఆ మేరకు కూలర్‌ను పనికిరానిదిగా చేస్తుంది. కూలర్‌కు ఫిటింగులు పైకి ఉండేలా బిగిస్తే ఆ బుడగకు నిలిచే చోటే ఉండదు. ఆయిల్ మట్టం చూసే ముందు, ఇగ్నిషన్ స్విచ్‌లు ఆర్పి ఉన్నాయని నిర్ధారించుకుని, ట్యాంకులో గుడగుడమన్న శబ్దం వచ్చేదాకా ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పండి. లేకుంటే ఇంజన్ లోపల, క్రాంక్ కేస్‌లో నిలిచిన ఆయిల్‌ను లెక్కించక మట్టం తక్కువనుకుని అదనంగా పోస్తారు.

ఈ ఇంజన్‌కు గరిష్ఠం 130 డిగ్రీల సెల్సియస్, మామూలుగా ఉండవలసింది 90 నుంచి 110. కనుక 122 వద్ద ఇంజన్‌కు వెంటనే ముప్పు లేదు, కాని 100 నుంచి అంత దూరం జరగడం మాత్రం ఉపేక్షించదగినది కాదు. ప్రోబ్‌ను మరిగే నీటిలో పరీక్షిస్తే ఒక మాట గుర్తుంచుకోండి: బెంగళూరు 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది, అక్కడ నీరు 97 దగ్గరే మరుగుతుంది. గేజ్ 100 చూపితే సరిగా ఉన్నదని సంతోషించకండి, అది మూడు డిగ్రీలు ఎక్కువ చూపుతున్నట్టు.